పిల్లి ఉన్న ఇంట్లో ఎయిర్ ప్యూరిఫయర్: ఆ ఆటో మోడ్ ఒక్కటి లేకుంటే

మిషన్ మంచిదే. నా కోపమంతా, గాలిని చూసి ఫ్యాను స్పీడుని అదే మార్చుకునే దాని ఆటో మోడ్ మీద.

వారంటీ, యాప్ లాంటి అందరికీ తెలిసిన సంగతుల జోలికి పోను. మాది కడప, ఎర్రముక్కపల్లె వైపు సొంతిల్లు. నాకు పిల్లి పడదు. తిరుపతిలో డాక్టరు గారు చేతి మీద వరసగా చుక్కలు వేసి సూదితో గుచ్చితే, పావుగంటలో పిల్లి చుక్క ఉన్నచోట దద్దురు లేచింది. "పిల్లిని ఎవరికైనా ఇచ్చేయండి" అన్నారాయన. మా ఆవిడ ఆ మాట విననట్టే ఫైలు సర్దుకుని లేచింది. చిట్టిని ఇచ్చేది లేదన్నమాట. ఇచ్చేసినా వెంటనే తెరిపి ఉండదు లెండి, పిల్లి పోయాక కూడా అది వదిలిన అలెర్జెన్, అంటే ఎలర్జీ తెప్పించే పదార్థం, ఇంట్లో నెలల తరబడి ఉండిపోతుంది. అలా ఈ మిషన్ ఇంటికొచ్చింది.

మొదట్లో తెగ నచ్చింది. పొద్దున లేవగానే వరసబెట్టి వచ్చే తుమ్ములు తగ్గాయి. లైటు పచ్చగా ఉంటే గాలి శుభ్రం, ఎర్రబడితే కాదు, మిగతాదంతా అదే చూసుకుంటుంది. మా బామ్మర్దిని కూడా ఒకటి కొనుక్కోమన్నాను. వాళ్లింట్లో పిల్లి లేదు కాబట్టి ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను.

సంక్రాంతి ముందు చలికి తలుపులూ కిటికీలూ బిగించి పడుకున్నాం. ఆ మధ్యాహ్నమంతా చిట్టి మా మంచం మీద బొంతలో ముడుచుకుని నిద్రపోయింది. సాయంత్రం ఆ బొంతనే దులిపి పరిచారు. మిషన్ ఆటోలో ఉంది. నడిరాత్రి మెలకువ వచ్చేసరికి ముక్కు పూర్తిగా మూసుకుపోయింది, కళ్ల మూలల్లో దురద, ఛాతీలో పిల్లికూతలు. ఇన్‌హేలర్ కోసం తడుముకుంటూ చూస్తే మూలన పచ్చలైటు. ఫ్యాను తిరుగుతోందో లేదో దగ్గరికెళ్లి చెవి పెడితే తప్ప తెలియదు. గదిలో గాలి బ్రహ్మాండంగా ఉందని దాని లెక్క.

తెల్లారాక మా అమ్మ వంటింట్లో ఎండుమిరపకాయలు వేసి పప్పుకి తిరగవాత పెట్టింది. పడకగదిలో మిషన్ ఎర్రబడి ఒక్కసారిగా హోరెత్తింది. "ఏందిరా అది, నేను తిరగవాత పెట్టినప్పుడల్లా నా మీద అరుస్తాది" అంది అమ్మ.

కంపెనీకి ఫోన్ చేస్తే ఒక కుర్రాణ్ణి పంపారు. మర్యాదస్తుడే. మా దేవుడి గూట్లోంచి ఊదుబత్తి అడిగి తీసుకుని, వెలిగించి సెన్సర్ రంధ్రం దగ్గర పెట్టాడు. క్షణాల్లో ఎరుపు. "చూశారా సార్, సెన్సర్ పర్ఫెక్ట్‌గా ఉంది." పొగంతా పోయి లైటు మళ్లీ మామూలయ్యాక, నేను చిట్టిని ఎత్తుకొచ్చి అదే రంధ్రం ముందు కూర్చోబెట్టాను. అది తాపీగా ముందరి కాలు నాక్కుని, ఆ కాలితో చెవి వెనక తుడుచుకుని, మళ్లీ నాక్కుంది. పచ్చ. కుర్రాడు పిల్లినీ నన్నూ మార్చి మార్చి చూసి, "కంప్లైంట్ ఏమని రాసుకోమంటారు సార్?" అన్నాడు.

నాకు పడనిదంతా ఆ నాకుడులోనే ఉంది. అందరూ బొచ్చును తిడతారు గానీ అసలు గొడవ ఫెల్ డి 1 అనే ప్రోటీన్‌తో. పిల్లి లాలాజలంలోనూ చర్మంలోని నూనె గ్రంథుల్లోనూ తయారవుతుంది. ఒళ్లు నాక్కున్నప్పుడు బొచ్చుకి అంటుకుని, ఆరిపోయి, చర్మం పొట్టుతో పాటు రాలుతుంది. అందులో సన్నటి రేణువులు గంటల తరబడి గాలిలోనే తేలుతుంటాయి. సెన్సర్ చేసేదేమో గాలిలోకి వెలుగు పంపి, అది రేణువుల మీద పడి ఎంత చెదిరిందో చూసి దుమ్ము లెక్కగట్టడం. ఆ దుమ్ము తిరగవాతదా, పిల్లిదా అన్నది దానికి తెలియదు. పొగలో రేణువులు కోకొల్లలు కాబట్టి అరుస్తుంది. నా ఊపిరి ఆడకుండా చేయడానికి చాలినంత పిల్లి పొట్టు దాని లెక్కకి ఆనను కూడా ఆనదు.

ఫిల్టరుని తప్పు పట్టను. 0.3 మైక్రాన్ల రేణువుల్ని 99.97 శాతం ఆపగలిగేదానికి పిల్లి పొట్టు ఒక లెక్క కాదు. కానీ గాలి దాని దాకా రావాలి కదా. డబ్బా మీద పెద్దగా అచ్చేసే సీఏడీఆర్ అంకె, అంటే మిషన్ ఎంత వేగంగా శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పేది, ఫుల్ స్పీడులోది. పచ్చలైటు రాగానే ఆటో ఫ్యానుని అడుగుకి దించేస్తుంది, అందులో సగానికి సగం కూడా పని జరగదు. సరిగ్గా మనం పడుకునే వేళ.

ఇప్పుడు ఆటో ముట్టుకోవడం లేదు. పొద్దుగూకగానే పడకగది తలుపేసి ఫుల్‌లో పెడతాం, పడుకునే ముందు ఒక మెట్టు దించుతాం. హోరు అలవాటైపోయింది. రాత్రులు బాగానే నిద్ర పడుతోంది.

అయితే ఆ మెప్పంతా మిషన్‌కే ఇవ్వలేను. ఆ సంక్రాంతి తర్వాత మా ఆవిడ చిట్టికి పడకగది ప్రవేశం రద్దు చేసింది. బొంతలు మూటగట్టి అటక మీదికి ఎక్కించి, వేడినీళ్లలో ఉతకడానికి వీలైన దుప్పట్లు దించింది. పొరకతో ఊడిస్తే కింద పడ్డదంతా మళ్లీ గాలిలోకి లేస్తుందని రోజూ తడిగుడ్డ పెడుతోంది. మా ఇంట్లో నల్లటి కడప బండలు, చిట్టి తెల్లది. గుడ్డ పెట్టే ముందు వంగి చూస్తే గోడ వారగా, మంచం కోళ్ల చుట్టూ చేరిన సన్నటి వెంట్రుకలు ఒక్కొక్కటీ కనిపిస్తాయి. తివాచీ ఉండుంటే ఇవన్నీ దాంట్లోనే దాక్కునేవి. పిల్లికి స్నానం సంగతి మాత్రం అడక్కండి, చేయించినా కొద్ది రోజుల్లోనే మళ్లీ మామూలే.

ఎండాకాలం ఇంకో తకరారు. కడపలో 43 డిగ్రీలు దాటే రోజుల్లో కూలర్ లేనిదే పడుకోలేం. కూలరుకి కిటికీ తెరిచి ఉండాలి, దీనికి మూసి ఉండాలి. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో మిషన్ గుడ్డ కప్పుకుని మూలన కూర్చుంటుంది. ఆ రెండు నెలలూ నేనేమీ పెద్దగా అవస్థ పడటం లేదు మరి! గాలి బాగా ఆడటం వల్లనో, చిట్టి ఇంట్లోకి రాకుండా నీళ్ల తొట్టి నీడన పడి ఉండటం వల్లనో తెలియదు.

మూసి ఉంచుకోగలిగే ఏసీ గది ఉండి, హోరు భరించగలిగితే కొనుక్కోవచ్చు. ఫిల్టరు మాత్రం వాళ్లు చెప్పే ఏడాది కంటే ముందే నిండుతుందనుకోండి, పిల్లికి తోడు మన ఊరి దుమ్ము కూడా ఉంది. మాలాగా కూలర్ ఇల్లయితే ముందు బొంతల సంగతి చూసి, అప్పటికీ తగ్గకపోతే ఆలోచించండి. ఆయాసం వచ్చేవాళ్లు దీన్ని చూసుకుని ఇన్‌హేలర్ పక్కన పెట్టేయొద్దు, నేను పెట్టలేదు.

షాపులో ఒక్కటి మాత్రం ప్లగ్గు తీయించి, మళ్లీ పెట్టించి చూసుకోండి: కరెంటు పోయి వస్తే మనం పెట్టిన స్పీడులోనే మొదలవుతుందా అని. మాది ఆటోలోకి పోతుంది.