రెండు సీజన్లు వాడాక ఈ అవలాంచ్ బీకన్ గురించి నా మాట

బ్రాండ్ పేరు చెప్పట్లేదు, ఎందుకంటే కాస్త తిట్టేది ఉంది, నాకొచ్చిన పీసే అలాంటిదేమో కూడా. బీకన్ అంటే మంచు చరియల్లో (అవలాంచ్) పూడుకుపోయినవాళ్లని దొరికించే చిన్న రేడియో పెట్టె, ఒంటికి కట్టుకుని తిరుగుతాం. మామూలుగా సిగ్నల్ పంపుతూ ఉంటుంది (సెండ్), ఎవరైనా పూడుకుపోతే మిగతావాళ్లు సెర్చ్‌లో పెట్టి ఆ సిగ్నల్‌ని వెతుకుతారు. మూడు యాంటెన్నాల డిజిటల్ బీకన్ ఇది. ఏ కంపెనీదైనా అన్నీ 457 కిలోహెర్ట్జ్ మీదే నడుస్తాయి కాబట్టి పక్కోడి దగ్గర వేరే మోడల్ ఉన్నా ఇబ్బంది లేదు.

వెతకడంలో మాత్రం సూపర్. కొన్న కొత్తలో మా ఫ్రెండ్ వాడి బీకన్ని ఒక బ్యాగులో పెట్టి మీటరు లోతు మంచులో పూడ్చేసి వెతకరా అన్నాడు. స్క్రీన్ మీద 38 (సుమారు మీటర్ల దూరం) అని పడింది, బాణం ఎడమకి చూపిస్తోంది, దాని వెంట పోతుంటే తిన్నగా తీసుకెళ్లకుండా వంకరగా తిప్పుతోంది, నేనేమో మిషన్ పాడైందనుకుని మధ్యలో ఆగిపోయా. తర్వాత తెలిసింది, సిగ్నల్ అయస్కాంత రేఖల్లాగా వంపు తిరిగి ఉంటుందట, నంబరు తగ్గుతున్నంతసేపు బాణాన్ని నమ్మి పోవడమే. దగ్గరికొచ్చాక బాణం మాయమైపోయి ఉత్త నంబరే మిగులుతుంది. అప్పుడు వంగి బీకన్ని మంచుకి ఆనించి, చేతిలో తిప్పకుండా, నత్తలా జరపాలి. 1.3, 1.1, మళ్లీ 1.2, వెనక్కి. ప్రోబ్, అదే మంచులోకి గుచ్చి చూసే పొడవాటి కడ్డీ, నాలుగోసారి గుచ్చితే తగిలింది. కింద నేల తగిలితే టక్కుమంటుంది, ఇదేమో రబ్బరు మీద పొడిచినట్టు అనిపించింది. తవ్వి బ్యాగు బయటికి తీసేసరికి 19 నిమిషాలు. మంచు కింద మొదటి 10, 15 నిమిషాలు దాటాక బతికే ఛాన్స్ దబ్బున పడిపోతుంది, వాడు బ్యాగు దులుపుకుంటూ "నేనైతే పోయుండేవాణ్ణి రా" అన్నాడు. ఆ 19 నిమిషాల్లో సగం పైనే తవ్వడానికి పట్టింది, కాబట్టి పార దగ్గర పిసినారితనం వద్దు, ప్లాస్టిక్‌ది అసలొద్దు.

ఇక తిట్లు. స్విచ్ దరిద్రంగా ఉంది. మందం గ్లోవ్స్‌తో సెండ్‌లో ఉందో సెర్చ్‌లో ఉందో తెలీదు, ఒకసారి జాకెట్ వేసుకునేటప్పుడు స్ట్రాప్ తగిలి సెర్చ్‌లోకి పోయింది, అంటే నేను పూడుకుపోతే నా సిగ్నల్ ఎవడికీ రాదన్నమాట. పొద్దున్నే బయల్దేరేముందు ఒకరివి ఒకరం చెక్ చేసుకుంటాం కాబట్టి దొరికింది. బ్యాటరీ ఆల్కలైనే వేయాలి, రీచార్జబుల్‌వి వేస్తే పర్సంటేజీ తప్పు చూపిస్తుంది. ఫోన్ దగ్గరుంటే సెర్చ్‌లో లేనిపోని నంబర్లు చూపిస్తుంది. సెండ్‌లో కనీసం 20 సెంటీమీటర్లు, సెర్చ్‌లో 50 దూరం ఉంచాలి. చేతులు వెచ్చబెట్టే బ్యాటరీ గ్లోవ్స్ కూడా అంతే. ఈ గోల అన్ని బీకన్లకీ ఉన్నదే, దీన్నొక్కదాన్నే అనలేం.

నాకు అసలు ఒళ్లుమండేది డబ్బా మీద రాతలు చూస్తే. "నిశ్చింతగా వెళ్లండి" అట! ఇది చరియని ఆపుతుందా? చరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద, స్కీయింగ్‌కి మజా వచ్చేదీ అక్కడే. పైగా చరియల ప్రమాదం ఎంతో చెప్పే బులెటిన్‌లో అయిదుకి 3 అని ఉంటే "మధ్యస్తమే కదా" అనుకుంటారు, ప్రాణాలు పోయేది ఎక్కువగా ఆ 3 రోజునే. రాళ్లకి చెట్లకి కొట్టుకుని పోయినవాళ్లని బీకన్ దొరికించినా లాభమేముంది.

పోయిన సీజన్లో రెండ్రోజులు గాలి కొట్టాక ఒక వాలు కిందకి చేరాం, పైన కొత్త మంచు గట్టి పలకలా ఉంది, అడుగేస్తే "ధుమ్" అని లోపల్నుంచి మూలిగినట్టు చప్పుడు, కాలి దగ్గర్నుంచి సన్న పగులు ముందుకి పాకింది. కింద ఉన్న చక్కెర లాంటి పొర కుంగిందన్నమాట, అంటే వాలు విరిగేలా ఉంది. మాలో ఒకడు "బీకన్లు ఉన్నాయి కదరా, ఒక్కొక్కరం దాటేద్దాం" అన్నాడు, వాడితో పదినిమిషాలు గొడవేసుకుని వెనక్కి తిరిగాం. వాడు దారంతా మాట్లాడలేదు.

నాలుగు స్టార్లు, ఒకటి స్విచ్ కోసం కోశా. కొనేవాళ్లు షాపులో గ్లోవ్స్ తొడుక్కునే స్విచ్ నొక్కి చూడండి.