ఊపిరి గమనించడమా, జపమా, నడకా? బీపీకి, బెంగకు, నడుంనొప్పికి ఏది మేలు

కర్నూలులో ధ్యానం మాటెత్తితే "వయసెంతో అన్ని నిమిషాలు" అనే లెక్క ఎవరో ఒకరు చెప్పకుండా ఉండరు. 1990లో ధ్యాన ప్రచారకుడు సుభాష్ పత్రి స్పిరిచ్యువల్ సొసైటీ పెట్టింది ఈ ఊళ్ళోనే కాబట్టి, కళ్ళు మూసుకుని వచ్చిపోయే ఊపిరిని గమనించే ఆనాపానసతి ఇక్కడివాళ్ళకు కొత్త కాదు. పుట్టపర్తి వైపు పోతే జ్యోతి ధ్యానం చెబుతారు. కడపలో దేవుని గడపలో గోవింద నామం, పెద్ద దర్గా దగ్గర తస్బీ, అంటే ముస్లింల జపమాల. ఇవన్నీ ఉండగా పెద్దాసుపత్రిలో డాక్టరు చెప్పేది మాత్రం "రోజూ అరగంట నడువు" అని. బీపీ కాస్త ఎక్కువ, నిద్ర తక్కువ, చిన్న విషయానికే గుండె దడ. అలాంటి యాభై ఏళ్ళ మనిషికి రోజు మొత్తంలో తనకంటూ మిగిలేది అరగంటో ముప్పావుగంటో. అది దేనికి పెట్టాలన్నదే ఇక్కడ ప్రశ్న.

తీర్పు ముందే చెప్పేస్తాం. బీపీకైతే నడక మొదట, నిదానపు ఊపిరి దాని వెనకాల, కదలకుండా కూర్చునే ధ్యానం ఆఖర్న. బెంగకైతే కూర్చునే ధ్యానానిదే గట్టి పక్షం. పాత నడుంనొప్పికి ధ్యానం కొంత పనికొస్తుంది. షుగరు, థైరాయిడ్, బరువు ధ్యానంతో నయమవుతాయని మైకులో చెప్పేవాళ్ళ మాట పక్కన పెట్టండి.

ధ్యానం మీద ఏ పరిశోధన చేతికొచ్చినా ముందు అడగాల్సింది "దేనితో పోల్చారు?" అని. పొద్దున ఐదింటికి పార్కులో ధ్యానానికి వచ్చేవాళ్ళనూ, రానివాళ్ళనూ పట్టుకుని బీపీ చూస్తే వచ్చేవాళ్ళదే తక్కువ ఉండొచ్చు. వాళ్ళు పెందలాడే పడుకునే రకం, బీడీ మానేసినవాళ్ళు అందులో ఎక్కువ, పైగా పార్కు దాకా నడిచే వస్తారు. ఆ తగ్గుదలలో ధ్యానం వాటా ఎంతో తేల్చేదెట్లా? అందుకే చీటీలు తీసినట్టు జనాన్ని రెండు గుంపులు చేసి, ఒకరికి ధ్యానం, ఇంకొకరికి అంతే సమయం పట్టే మరో పని, అంటే ఆరోగ్య పాఠాలో వ్యాయామమో ఇచ్చి చూసిన పరీక్షలకే విలువ ఎక్కువ. గోయల్ అనే పరిశోధకుడి బృందం 2014లో జామా ఇంటర్నల్ మెడిసిన్ పత్రికలో అలాంటి పరీక్షలు 47 ఏరి, 3,515 మంది ఫలితాలు కలిపి చూసింది. ఊపిరి మీదా ఒంటి మీదా ధ్యాస నిలిపే పద్ధతులు బెంగను, దిగులును, నొప్పిని తగ్గించాయి, కానీ ఓ మోస్తరుగానే. మందుల కంటే, వ్యాయామం కంటే మెరుగని ఎక్కడా తేలలేదు. నిద్ర, బరువు, ఏకాగ్రత విషయంలో గట్టి ఆధారం దొరకలేదు. మంత్రధ్యానం సంగతి తేల్చడానికి చాలినన్ని మంచి పరీక్షలే లేవన్నారు.

మెదడు పెరుగుతుందన్న కబురు కూడా ఇలాంటిదే. 2011లో 16 మందికి 8 వారాల ధ్యానం నేర్పి స్కాన్ తీస్తే మెదడులో కొన్నిచోట్ల బూడిదరంగు పదార్థం పెరిగినట్టు కనిపించింది. వాట్సాప్‌లో ఇప్పటికీ తిరుగుతున్నది అదే. 2022లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో 200 మందికి పైగా మనుషులతో, అదే 8 వారాల పద్ధతితో చూసినప్పుడు ఆ మార్పు కనిపించలేదు. ఇది మాత్రం వాట్సాప్‌కు ఎక్కలేదు!

ఇక బీపీ. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2013లో మందులు, ఆహారం కాని దారులను తూచి వరస కట్టింది. చెమట పట్టే నడకలాంటి వ్యాయామానికి అన్నిటికంటే పై మెట్టు. పరికరం సాయంతో ఊపిరిని నిదానం చేసే పద్ధతికి దాని కింది మెట్టు. మహర్షి మహేశ్ యోగి నేర్పిన టీఎంకు, అంటే రోజుకు రెండుసార్లు 20 నిమిషాల మంత్రధ్యానానికి, ఇంకో మెట్టు కింద "కావాలంటే చేసి చూడొచ్చు" అన్న స్థానం. మిగతా ధ్యానాలను బీపీ కోసం సిఫారసు చేయలేదు. టీఎం వాళ్ళు చూపించే పరీక్ష ఒకటుంది. 2012లో వచ్చింది, గుండెజబ్బు ఉన్నవాళ్ళలో చావులు, గుండెపోట్లు, పక్షవాతాలు కలిపి 48 శాతం తగ్గాయని. అందులో ఉన్నది 201 మందే, నడిపిన ముఖ్యులు మహర్షి పేరుమీది విశ్వవిద్యాలయం వాళ్ళు. కొట్టిపారేయనక్కర్లేదు గానీ దాన్ని నమ్మి ఫీజు కట్టేంత బలం దానికి లేదు.

నడక లెక్క సూటిగా ఉంటుంది. బీపీ ఉన్నవాళ్ళు వారానికి 90 నుంచి 150 నిమిషాలు చురుగ్గా నడిస్తే పై అంకె 5 నుంచి 8 దాకా తగ్గుతుంది. చురుగ్గా అంటే మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. మన ఎండలకు ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఆరున్నరకల్లా ముగించుకోవాలి. అది కుదరనివాళ్ళు మిద్దె మీద పొద్దుగూకాక నడిచినా అదే ఫలం. ఉప్పు తగ్గిస్తే ఇంచుమించు ఇంకో 5, 6 అంకెలు దిగుతుంది. ఊరగాయ, వడియాలు, ఉగ్గాని పక్కన బజ్జీలు అలాగే ఉంచుకుని ధ్యానంతో బీపీ దించాలని చూడటం చిల్లికుండలో నీళ్ళు పోయడమే.

నిదానపు ఊపిరిని కొంచెం దగ్గరగా చూద్దాం, ఎందుకంటే అందరూ తప్పు చేసేది ఇక్కడే. మెడ దగ్గర రక్తనాళాల్లో ఒత్తిడిని పసిగట్టే నాడులుంటాయి. ఒత్తిడి పెరిగితే అవి గుండె వేగాన్ని తగ్గిస్తాయి, తగ్గితే పెంచుతాయి. ఈ సర్దుబాటుకు దాని లయ దానికి ఉంది, దాదాపు పది సెకన్లకు ఒక చుట్టు. ఊపిరి కూడా పది సెకన్లకు ఒకటి, అంటే నిమిషానికి 6 చొప్పున నడిస్తే రెండు లయలూ కలిసి ఆ సర్దుబాటు చురుకవుతుంది. మామూలుగా మనం తీసేది నిమిషానికి 12 నుంచి 18.

చేసే తీరు ఇది. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి కూర్చోవాలి. ముక్కుతో 4 అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చి, 6 అంకెలు లెక్కపెట్టేంతసేపు వదలాలి. మధ్యలో బిగబట్టొద్దు. పది నుంచి పదిహేను నిమిషాలు చాలు. నిదానం అనగానే చాలామంది ఛాతీ ఉబ్బేలా గట్టిగా పీలుస్తారు. మూడు నాలుగు నిమిషాలకే వేళ్ళ కొసల్లో చీమలు పాకినట్టు, పెదాల చుట్టూ తిమ్మిరి, తల తిరగడం. దాన్ని "శక్తి ప్రవహిస్తోంది" అనుకునేవాళ్ళు కూడా ఉన్నారు. ఊపిరి ఎక్కువై రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతే అలా అవుతుంది, ఇంకేమీ లేదు. ఊపిరి నెమ్మదించాలి, దాంతోపాటు చిన్నది కూడా కావాలి. బొడ్డు మీద చెయ్యి పెట్టుకుంటే చెయ్యి కొంచెం లేవాలి, భుజాలు లేవకూడదు. నాలుగు-ఆరు కష్టమైతే మూడు-నాలుగుతో మొదలుపెట్టి వారానికో అంకె పెంచండి. టీవీలో చూసి కపాలభాతి, భస్త్రిక లాంటి వేగపు ప్రాణాయామాలు మొదలుపెట్టేవాళ్ళకు ఒక మాట: బీపీ ఎక్కువున్నవాళ్ళు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు వాటి జోలికి పోకూడదు.

జపం ఇక్కడే లెక్కలోకి వస్తుంది. బెర్నార్డి అనే ఇటలీ వైద్యుడి బృందం 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న పరీక్ష ప్రచురించింది. 23 మంది చేత క్రైస్తవుల జపమాల ప్రార్థన లాటిన్‌లో చదివించారు, "ఓం మణి పద్మే హుం" అనిపించారు. రెండింటిలోనూ ఊపిరి నిమిషానికి 6 దగ్గరకు వచ్చింది, ఇందాక చెప్పిన సర్దుబాటూ చురుకైంది. కాబట్టి గోవింద నామమైనా, తస్బీ అయినా, జపమాల అయినా చూసుకోవాల్సింది ఒక్కటి: పైకి పలికే వాక్యం ఒక్క ఊపిరిలో ఆరేడు సెకన్లు సాగాలి. గడియారం ముందు పెట్టుకుని ఒక నిమిషంలో ఎన్నిసార్లు ఊపిరి పీల్చారో లెక్కపెట్టుకోండి. ఆరు నుంచి ఎనిమిది అయితే సరే. కోటి పూర్తి చేయాలన్న తొందరలో గబగబా అనేస్తే భక్తి మాట దేవుడికి తెలుసు, బీపీకి మాత్రం ఒరిగేదేమీ ఉండదు.

బెంగ దగ్గర కథ వేరు. ఎప్పుడూ ఏదో జరుగుతుందన్న భయం, అప్పు గుర్తొస్తే కడుపులో తిప్పడం, తెల్లవారుజామున మూడింటికి మెలకువ. దీనికి ఎక్కువ పరీక్షలకు నిలిచింది ఎంబీఎస్ఆర్ అనే పద్ధతి, అంటే ధ్యాస నిలిపి ఒత్తిడి తగ్గించుకునే సాధన. 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టారు. 8 వారాలు, వారానికి రెండున్నర గంటల క్లాసు ఒకటి, మధ్యలో ఒక రోజంతా మౌనసాధన, ఇంటి దగ్గర రోజూ 45 నిమిషాలు. 2022 చివర్లో వచ్చిన పరీక్షలో బెంగ జబ్బున్న 276 మందిలో సగం మందికి ఇది నేర్పారు, సగం మందికి బెంగకు వాడే ఎస్సిటలోప్రామ్ మాత్ర ఇచ్చారు. 8 వారాల తర్వాత జబ్బు తీవ్రత రెండు గుంపుల్లోనూ దాదాపు సమంగా తగ్గింది. ఏదో ఒక ఇబ్బంది కలిగినవాళ్ళు మాత్ర గుంపులో 78.6 శాతం, ధ్యానం గుంపులో 15.4 శాతం. ఇది చదివి వేసుకుంటున్న మాత్రను రేపట్నుంచి మానేయడం ప్రమాదం. ఆ మాత్ర ఉన్నట్టుండి ఆపితే తల తిరుగుడు, చిరాకు వస్తాయి. ఆపాలన్నా డాక్టరే మోతాదు మెల్లగా దించాలి.

ఆనాపానసతికీ దీనికీ లోపలి పని ఒకటే: ఊపిరిని మార్చకుండా గమనించడం, మనసు పారిపోతే తిట్టుకోకుండా మళ్ళీ తేవడం. తేడా మిగతావాటిలో ఉంది. ఎంబీఎస్ఆర్‌లో కాలివేలి నుంచి తల దాకా ఒళ్ళంతా వరసగా గమనించడం, తేలికపాటి ఆసనాలు, నడుస్తూ ధ్యానం కూడా ఉంటాయి. వాళ్ళ 45 నిమిషాలు ఇరవై ఏళ్ళ మనిషికీ అరవై ఏళ్ళ మనిషికీ ఒకటే. వయసు లెక్కకు కట్టుబడి అరవై ఏళ్ళాయన మొదటిరోజే గంటసేపు బాసింపట్టు వేస్తే పాదం తిమ్మిరెక్కుతుంది, మోకాలు పట్టేస్తుంది, నాలుగో రోజుకు మానేస్తాడు. పది నిమిషాలతో మొదలుపెట్టి వారానికి ఐదేసి పెంచుకుంటూ ముప్పై దాకా పోవడం మేలు. కుర్చీ వేసుకుంటే తప్పేమీ లేదు. పిరమిడ్ కింద కూర్చుంటే ధ్యానం మూడింతలు ఫలిస్తుందన్న మాటకొస్తే, పైన చెప్పిన ఫలితాలన్నీ మామూలు పైకప్పు కింద వచ్చినవే. మధ్యాహ్నం సంగటి తిన్న గంటలోపు కూర్చుంటే అది ధ్యానమవదు, కునుకవుతుంది. తినకముందో, పొద్దు వాలాకో పెట్టుకోండి.

ధర్మవరంలో గుంతమగ్గం మీద రోజంతా వంగి కూర్చునే నేతగాళ్ళకు నడుంనొప్పి వృత్తితో వచ్చే వాటా. 2016లో పాత నడుంనొప్పి ఉన్న 342 మందిని మూడు గుంపులు చేసి చూశారు. 26 వారాలకు రోజువారీ పనులు చెప్పుకోదగ్గంత సులువైనవాళ్ళు ధ్యానం గుంపులో 61 శాతం, ఆలోచనల తీరు మార్చే సీబీటీ గుంపులో 58, మామూలు వైద్యం గుంపులో 44. అంటే ధ్యానం, సీబీటీ దాదాపు సమానం. దొరికేదేదో చేయొచ్చు. మగ్గం గుంత లోతు, కూర్చునే పలక ఎత్తు సరిచేసుకోకుండా ధ్యానం ఒక్కటే చేస్తే మాత్రం నొప్పి పొద్దున పోయి సాయంత్రం వస్తుంది. కాలు మొద్దుబారడం, మూత్రం అదుపు తప్పడం ఉంటే ధ్యానం సంగతి తర్వాత, ముందు డాక్టరు.

నిద్ర కోసమైతే పడుకుని ఒళ్ళు గమనించే పద్ధతి చేసి చూడండి, ఆధారం పల్చన.

ధ్యానంతో చెడు జరగదన్న మాట కూడా సరికాదు. 2020లో 83 పరిశోధనలను కలిపి చూస్తే ధ్యానం చేసినవాళ్ళలో నూటికి 8 మందికి బెంగ, దిగులు లాంటివి కొత్తగా రావడమో, ఉన్నవి పెరగడమో కనిపించింది. పదిరోజుల విపశ్యన శిబిరంలో తెల్లవారి నాలుగింటికి లేచి, మౌనంగా, రోజుకు పది గంటలదాకా కూర్చోవాలి. ఫీజు లేదు కదా అని మొదటిసారే అక్కడికి పరిగెత్తకండి. ఇంట్లో రెండు మూడు నెలలు చేసి, అలవాటయ్యాక వెళ్ళండి. లేని గొంతులు వినిపించిన చరిత్ర ఉన్నవాళ్ళు, ఈమధ్యే ఆప్తులను పోగొట్టుకున్నవాళ్ళు మానసిక వైద్యుణ్ణి అడగకుండా దీర్ఘ ధ్యానాలకు కూర్చోకూడదు.

ఏది ఎంచుకున్నా ఫలితం కొలిచే పద్ధతి సరిగ్గా ఉండాలి. ధ్యానం లేచిన వెంటనే బీపీ చూసుకుని "పది తగ్గింది" అనుకోవడం మామూలు పొరపాటు. అయిదు నిమిషాలు ఊరికే కూర్చున్నా కొంత తగ్గుతుంది. టీ, బీడీ ముట్టి అరగంట గడిచాక, మూత్రానికి వెళ్ళొచ్చి, వీపు ఆనించి అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రాసుకోవాలి. సాధనకు ముందు, పొద్దునా సాయంత్రం, ఏడు రోజులు. మొదటిరోజు అంకెలు వదిలేసి మిగతా ఆరు రోజుల సగటు తీయండి. 8 వారాల తర్వాత మళ్ళీ అదే పని చేసి రెండు సగటులూ పక్కపక్కన పెట్టుకోండి. మాత్రలు ఈ మధ్యలో ఆపొద్దు. అంకె బాగా దిగితే ఆ కాగితం తీసుకెళ్ళి డాక్టరుకు చూపిస్తే మోతాదు ఆయనే చూసుకుంటాడు. ఎప్పుడైనా పై అంకె 180 గానీ, కింది అంకె 120 గానీ దాటి, ఛాతీలో నొప్పో మాట తడబాటో ఉంటే ఊపిరి లెక్కపెడుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి.