పలకల పడవా, ప్లైవుడ్ పడవా? ముందు అది రాత్రి ఎక్కడ పడుకుంటుందో చెప్పండి

తెరచాప పడవ సొంతంగా కట్టుకోవాలని సరదాపడేవాళ్ళు అప్పుడప్పుడూ నా దగ్గరికి వస్తుంటారు. రాగానే అడిగేది, "పలకలతో కట్టించుకోవాలా, ప్లైవుడ్‌తో మనమే కట్టుకోవచ్చా, ఏది మేలు?" అని. నేను తిరిగి అడిగేది ఒకటే: కట్టాక ఆ పడవ రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటుంది? నీళ్ళలోనా, ఇంట్లోనా?

వెటకారం అనుకుంటారు గానీ సగం జవాబు అందులోనే ఉంది. మా చుట్టాల్లో రెండు రకాలూ ఉన్నాయి. నాది పన్నెండడుగుల ప్లైవుడ్ పడవ. కాకినాడలో మా కారు షెడ్డులో ఉంటుంది, కారు వీధిలో ఎండకి మాడుతుంది. మా బావది పద్నాలుగడుగుల పలకల పడవ. తాళ్ళరేవు దాటాక తన రొయ్యల చెరువుల పక్కన ఉప్పుటేట్లో కట్టేసి ఉంటుంది, ఏడాది పొడుగునా నీళ్ళలోనే. రెండూ ఒకే ఏడు మొదలుపెట్టాం. ఎవరిది గొప్పో ఇప్పటికీ తేలలేదు. పండక్కి కలిసినప్పుడల్లా ఇదే గొడవ.

బావ పడవ సంగతి ముందు చెప్తాను. కట్టింది బావ కాదు, మేస్త్రీ. బావ పక్కన కూర్చుని టీలు తెప్పించాడు, రంపానికి రెండో కొస పట్టుకున్నాడు, అంతే. కాగితం మీద ఒక్క గీత లేదు. అడుగు దూలం పరిచి, ముందు కొమ్ము నిలబెట్టి, నూలుతాడు లాగి, మేస్త్రీ ఒక కన్ను మూసి చూసేవాడు. "ఆయ్, ఇక్కడ రెండు వేళ్ళు లోపలికి రావాలండి" అనేవాడు. ఆ రెండు వేళ్ళూ బాడిసతో చెక్కేసేవాడు. పక్కటెముకలకి నల్లతుమ్మ. తిన్నటి దుంగలోంచి వంపు కోస్తే నార తెగి, దెబ్బ తగిలినచోట విరుగుతుంది. అందుకని వంపు తిరిగి పెరిగిన కొమ్మనే వెతికి తెస్తారు. పలకలకి టేకు, ముప్పావు అంగుళం మందం. పలకని తడిపి, కింద సన్నగా మంట పెట్టి, కొసకి రాళ్ళు వేలాడదీసి వంచారు. పలకకీ పలకకీ మధ్య సందులో పత్తి పేని కొట్టి దట్టించి, నూనెలో కాచిన గుగ్గిలం పూశారు.

ఆ చుట్టుపక్కల ఈ పనితనం ఉండటంలో వింత లేదు. పక్కనే ఉన్న కోరంగిలో ఒకప్పుడు సముద్రాలు దాటే ఓడలే కట్టారు. 1839 తుఫాను ఆ రేవుని ఊడ్చిపెట్టేసింది. బర్మాలో తెలుగువాళ్ళకి 'కోరంగీలు' అన్న పేరు ఆ ఊరి నుంచి వచ్చిందే. కానీ ఇప్పుడు వేటకి వెళ్ళేవాళ్ళు ఎక్కువమంది ఫైబర్ బోట్లకి మారిపోయారు, చాలామంది మేస్త్రీలు కూడా ఆ పనికే వెళ్ళిపోయారు. పలకల పడవ కట్టించుకోవాలంటే మొదటి ఇబ్బంది కర్ర కాదు, మనిషి. దొరికితే మాత్రం పని తొందరగా అవుతుంది. మేస్త్రీ, సహాయకుడు కలిసి రెండు నెలల్లో బావ పడవ తేల్చేశారు. నాకు ఆదివారాలు పద్నాలుగు నెలలు పట్టింది.

నాది కుట్టి అతికించే పద్ధతి. ప్లైవుడ్ షీట్ల మీద పలకల ఆకారాలు గీసి, కోసి, అంచుల వెంట జానెడుకి ఒకటి చొప్పున చిల్లులు పెట్టి, రాగి తీగతో కుట్టుకుంటూ పోవడమే. కుట్లు బిగిస్తుంటే చదునుగా ఉన్న ముక్కలు వాటంతట అవే వంపు తిరుగుతాయి. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళేటప్పుడు ముక్కల కుప్ప, సాయంత్రం టీ వేళకి పడవ. ఈ పని మొత్తంలో ఇంత సంతోషం మళ్ళీ రాదు, అది ముందే చెప్పేస్తున్నాను. ఆ తర్వాత లోపలి మూలల్లో ఎపాక్సీ జిగురు ముద్ద మెత్తి, దాని మీద ఫైబర్ గ్లాసు పట్టీ వేసి, గట్టిపడ్డాక తీగలు కత్తిరించేస్తాం.

ఈ పద్ధతిని ఇంటింటికీ చేర్చింది ఇంగ్లండులో మిర్రర్ పడవ. 1962లో డైలీ మిర్రర్ పత్రిక వాళ్ళు జాక్ హోల్ట్, బ్యారీ బక్నెల్ చేత గీయించారు. పదకొండడుగులకి కాస్త తక్కువ, ఎర్ర తెరచాప. పడవల పని తెలియనివాళ్ళు ఇంట్లో కట్టుకోవాలనే ఉద్దేశంతోనే చేశారు. అలాంటివి 70 వేలకి పైగా నీళ్ళలోకి దిగాయి.

కుట్టడం అనగానే మనవాళ్ళకి కొబ్బరి తాడు గుర్తొస్తుంది. మన తీరంలో మసులా పడవలు అలాగే కట్టేవారు. మేకు లేదు, పక్కటెముక లేదు, తాడు కుట్లే. కెరటం కొట్టినప్పుడు ఒళ్ళంతా సాగి సర్దుకునేవి. 2025లో నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్‌వీ కౌండిన్య కూడా కొబ్బరి తాడుతో కుట్టిన ఓడే. అజంతా బొమ్మని చూసి కట్టారు, ఆ ఏడు డిసెంబరు 29న పోర్‌బందర్ నుంచి మస్కట్‌కి బయల్దేరి చేరింది. పేరు ఒకటే గానీ పని వేరు. అక్కడ కుట్టే బలం. నా పడవలో కుట్టు మేస్త్రీ చేతి పట్టకారు లాంటిది, పని కాగానే దాని అవసరం తీరిపోతుంది. బరువంతా ఎపాక్సీ, గ్లాసు పట్టీలే మోస్తాయి. అందుకని తీగలు అందంగా బిగించానని మురిసిపోయి మూలల ముద్ద దగ్గర పిసినారితనం చేస్తే పడవ మొదటి కెరటానికే విచ్చుకుంటుంది.

ఇక డబ్బు ఎక్కడ పెట్టాలి? ప్లైవుడ్‌లో. షాపులో 'మెరైన్ ప్లై' అని అడిగితే ఏదైనా ఇచ్చేస్తారు. షీటు మీద ఐఎస్ 710 ముద్ర ఉండాలి, మెరైన్ ప్లైకి మన దేశపు ప్రమాణం అది. ఐఎస్ 303 కిచెన్ అలమరాలకి. 710 పరీక్షలో ముక్కని 72 గంటలు నీళ్ళలో ఉడకబెడతారు, పొరలు విడిపోకూడదు. ముద్రని నమ్మక నేనూ వంటింట్లో పాత కుక్కర్లో ముక్కలు ఉడకబెట్టాను, రోజుకి నాలుగు గంటల చొప్పున వారం రోజులు. మా అమ్మ ఆ కుక్కర్ని ఇంట్లోకి మళ్ళీ రానివ్వలేదు. మూడు షాపుల ముక్కల్లో ఒకటి రెండో రోజే పుస్తకంలా విచ్చుకుంది. దాని మీదా ముద్ర ఉంది మరి. ఉడకబెట్టే ఓపిక లేకపోతే కోసిన అంచు చూడండి. మధ్య పొరల్లో చీమ దూరేంత సందులు కనిపిస్తే ఆ షీటు వద్దు.

మన 710 బరువు ఎక్కువ. ఎనిమిది బై నాలుగు షీటు, ఆరు మిల్లీమీటర్ల మందం, పన్నెండు కిలోల పైమాటే. విదేశాల్లో ఇంటి పడవలకి వాడే ఒకూమే చెక్క ప్లైవుడ్ అదే కొలతకి ఎనిమిది, తొమ్మిది కిలోలు. నాకు నాలుగు షీట్లు పట్టాయి. ఎనిమిదడుగుల షీటుని పన్నెండడుగులు చేయాలంటే రెండు షీట్ల అంచుల్ని ఏటవాలుగా చిత్రిక పట్టి, ఒకదాని మీద ఒకటి అతికించాలి. ఏటవాలు పొడవు మందానికి ఎనిమిది రెట్లు ఉండాలి, ఆరు మిల్లీమీటర్లకి దాదాపు ఐదు సెంటీమీటర్లన్నమాట.

ఎపాక్సీ ఇంట్లో వాడే ఆరాల్డైట్ జాతిదే. డబ్బాల్లో కొనేసరికి ప్లైవుడ్ ఖర్చుని దాటిపోయింది. అందులో సన్నటి రంపపు పొట్టు కలిపి గట్టి మినప్పిండిలా చేస్తే మూలల్లో మెత్తే ముద్ద తయారు. గరిట తిరగేస్తే జారకూడదు. మే నెలలో, మిట్టమధ్యాహ్నం, పొదుపు అనుకుని అర లీటరు ఒకేసారి మగ్గులో కలిపాను. పది నిమిషాలు కాకుండానే మగ్గు పట్టుకోలేనంత వేడెక్కింది, పొగ లేచింది, ప్లాస్టిక్ కరిగి షెడ్డు గచ్చుకి అతుక్కుపోయింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఎక్కువ మోతాదు ఒకే గిన్నెలో ఉంటే దాని వేడి దానికే అగ్గిపుల్ల. కొద్దికొద్దిగా కలపండి, కలపగానే వెడల్పాటి పళ్ళెంలో పోయండి, పొద్దున్నే చేయండి. పాలియెస్టర్ రెజిన్ చవక కదా అని అడుగుతారు. కర్రని పట్టుకోవడంలో అది ఎపాక్సీకి సాటి రాదు, కొన్నాళ్ళకి పొరలా లేచి వస్తుంది. వద్దు.

గట్టిపడ్డాక ఇక ఉప్పుకాగితం పని. దాని గురించి రాయడానికి ఏమీ లేదు. రుద్దాలి, మళ్ళీ రుద్దాలి. ముక్కుకి మాస్కు తప్పనిసరి.

పలకల పడవ, ప్లైవుడ్ పడవ అసలు తేడా బయటపెట్టేది నీళ్ళలోకి దింపే రోజు.

మేస్త్రీ పడవ దింపిన రోజు మేమందరం కెమెరాలు పట్టుకుని నిలబడ్డాం. కొబ్బరికాయ కొట్టారు, తోశారు, పదిహేను నిమిషాల్లో పడవ సగం నిండిపోయింది. బావ మొహం చూడాలి! మేస్త్రీ మాత్రం బీడీ వెలిగించి, "నిండనివ్వండి" అన్నాడు. రెండు రోజులు అలాగే ముంచి ఉంచాడు. పలకలు నీళ్ళు తాగి ఉబ్బి, ఒకదాన్నొకటి నొక్కుకుని, పత్తిని బిగబట్టాయి. మూడో రోజు బకెట్లతో తోడి పోస్తే మళ్ళీ ఊరింది దోసెడే. అప్పటినుంచి ఆ పడవ అలాగే ఉంది, ఎందుకంటే అది ఎప్పుడూ ఆరలేదు. అదే పడవని నాలాగా ఇంటికి తెచ్చి రెండు వారాలు ఎండ తగలనిస్తే సందులన్నీ నోళ్ళు తెరుస్తాయి. ఆదివారం సరదాకి వెళ్ళేవాడు శుక్రవారమే వెళ్ళి పడవ ముంచుకోవాలి.

నాది దించిన రోజు వేరు. డెబ్బై కిలోలు, పాత మోటారు సైకిలు చక్రాల బండి మీద ఇద్దరం తోసుకుంటూ తీసుకెళ్ళాం. నీళ్ళు తగిలిన గంటలో తెరచాప ఎత్తాం. లోపల చుక్క లేదు. ఒక్క హెచ్చరిక: కొబ్బరికాయ పడవ ముక్కు మీద కొట్టనివ్వకండి. ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్ అది. మా పెద్దమ్మ చెయ్యెత్తితే అడ్డుపడి రాయి చూపించాను. కుంకుమ బొట్టు పెడితే గంగమ్మ ఏమీ అనుకోదు.

నీళ్ళలోనే ఉంచితే నా పడవ పరిస్థితి తారుమారవుతుంది. ఆల్చిప్ప అంచో, రాయో గీసి గ్లాసు పొర తెగిందా, అక్కడినుంచి తడి ప్లైవుడ్ పొరల్లోకి పాకుతుంది. పైకి కనిపించదు. వేలి కణుపుతో కొడితే తెలుస్తుంది: మంచిచోట 'టక్' మంటుంది, నానినచోట పగిలిన కుండ శబ్దం. కనిపెట్టాక గీకి, ఆరబెట్టి, ఎపాక్సీతో మాసిక వేయడం నా చేతిపనే, మేస్త్రీ అక్కర్లేదు. బావ పడవకి శత్రువు వేరు, ఉప్పునీటి కర్రపురుగు. దాన్ని ఆపడానికి అప్పుడప్పుడూ పడవ ఒడ్డెక్కించి, గోకి, పూత వేయాలి. పలక తినేస్తే ఆ పలక ఒక్కటీ ఊడదీసి కొత్తది వేస్తారు. మేస్త్రీ ఉన్నంతకాలం ఆ పడవకి చావు లేదు.

తెరచాప విషయంలో మాకిద్దరికీ పేచీ లేదు. మొదటి పడవకి నాలుగు మూలల లగ్ తెరచాప మేలు. స్తంభం పొట్టిది, పక్క తాళ్ళు అక్కర్లేదు, పై కర్ర వెదురే సరిపోతుంది, గాలి ముదిరితే తాడు వదలగానే కిందికి వచ్చేస్తుంది. మూడు మూలల పొడుగు తెరచాప గాలికి ఎదురెక్కడంలో దీన్ని మించుతుంది గానీ, దానికి పొడవాటి స్తంభం, మూడు వైపులా బిగింపులు కావాలి. నేను మొదట ధాన్యం మీద కప్పే బరకంతోనే కుట్టాను. ఒక సీజనుకి పనికొచ్చింది, తర్వాత సంచిలా సాగిపోయింది.

పడవ గాలికి పక్కకి జారకుండా నీళ్ళలో ఒక పలక దిగాలి. అడుగున చీలిక పెట్టి మధ్యలోంచి దింపేదా, పక్కన వేలాడేదా? మాలాంటి లోతులేని బురద నీళ్ళకి పక్క పలకే. అడుక్కి తగిలితే పైకి లేస్తుంది, పడవ అడుగుకి చిల్లి పెట్టే పని లేదు.

దించే చోటు కూడా పడవని బట్టే. కాకినాడ అఖాతానికి హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ 16 కిలోమీటర్ల పొడవున అడ్డంగా ఉంది కాబట్టి లోపల చాలా రోజులు చెరువులా ఉంటుంది. ఉత్తరాన ఉప్పాడ వైపు ఆ అడ్డు లేదు, అక్కడి కెరటాల్లో కొత్త పడవ, కొత్త మనిషి ఇద్దరూ దిగకూడదు. పోటు మీద దిగండి, పోటు మీదే తిరిగి రండి. మొదటిసారి నేను పాటు, అంటే నీళ్ళు వెనక్కి తీసే వేళ, లెక్క చూసుకోక ఒడ్డుకి రెండొందల గజాల దూరంలో మోకాలి లోతు బురదలో నిలబడి పడవ లాక్కొచ్చాను. అప్పుడు ఆ డెబ్బై కిలోల విలువ తెలిసింది. బావ పడవైతే మళ్ళీ పోటు వచ్చేదాకా అందులోనే కూర్చోవాలి. పోర్టు ఓడలు తిరిగే దారి దగ్గరికి వెళ్ళకండి, అక్టోబరు, నవంబరు తుఫాను రోజుల్లో పడవ షెడ్డులోనే ఉంచండి. సీట్ల కింద థర్మోకోల్ కుక్కి, ఒడ్డు పక్కనే ఒకసారి కావాలని తిరగేసి, మళ్ళీ ఎక్కగలరో లేదో చూసుకోండి. లైఫ్ జాకెట్ వేసుకునే.

సన్నటి చెక్క బద్దలు పక్కపక్కన అతికించి కట్టే మూడో పద్ధతి ఒకటుంది. అందంలో ఈ రెండూ దానికి సరిరావు. ఓపిక కూడా రెండింతలు కావాలి, రెండో పడవకి ఆలోచించండి. పిల్లల కోసమైతే వెతుకులాటే వద్దు, ఆప్టిమిస్ట్ ఉంది. 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ గీసిన డబ్బా లాంటి ప్లైవుడ్ పడవ, ఏడడుగుల తొమ్మిది అంగుళాలు.

కాబట్టి ఊళ్ళో ఉండి, ఆదివారాలే ఖాళీ, పడవ ఇంటికి రావాలి అంటే ప్లైవుడ్, రెండో మాట లేదు. ఏటి ఒడ్డున ఇల్లు, రోజూ వాడకం, అరగంట దూరంలో మేస్త్రీ ఉంటే పలకలు. బావ దీనికి ఒప్పుకోడు. "నీది పడవ కాదు బావా, ఫర్నిచరు" అంటాడు. మొన్న సంక్రాంతికి రెండూ పక్కపక్కన పోటీ పెట్టాం. వెళ్ళేటప్పుడు వెనక గాలి, నేనే ముందు. తిరిగొచ్చేటప్పుడు గాలి పెరిగి నీళ్ళు లేచాయి. నా పడవ ప్రతి కెరటానికీ తలుపు కొట్టినట్టు చప్పుడు చేస్తుంటే, బావ కాళ్ళు చాపుకుని, నా పక్కనుంచే, నిదానంగా దాటిపోయాడు.