రాణిగంజ్ ఉస్తాద్ దగ్గర పాత కారు తనిఖీ: కొనే ముందే చూపించండి

ముందే చెప్పేస్తా. మీరు పాత కారు కొంటున్నారా, "ఇది ఒకప్పుడు రేసుల్లో పరిగెత్తిన బండి" అనే కథ కూడా జోడించి మీకు అమ్ముతున్నారా, అయితే అడ్వాన్స్ ఇవ్వకముందే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఉన్న ఈ ఉస్తాద్‌కి ఒకసారి చూపించండి. షెడ్డుకి బోర్డు లేదు, నెట్‌లో వెతికితే దొరకదు. పేరు రాయొద్దని ఆయనే అన్నారు కాబట్టి రాయట్లేదు. స్పేర్ పార్ట్స్ షాపుల వాళ్లని "పాత ఫియట్ల ఉస్తాద్ ఎక్కడ" అని అడిగితే చాలు, దారి చూపిస్తారు. తనిఖీకి మూడున్నర వేలు తీసుకున్నారు. ఇప్పటిదాకా కార్ల మీద నేను పెట్టిన డబ్బుల్లో ఇంత న్యాయంగా అనిపించింది ఇంకోటి లేదు.

సంగతేంటంటే మా చిన్న మామయ్యకి ఫియట్ 1100 అంటే ప్రాణం. వికారాబాద్ వైపు ఒకాయన దగ్గర 1965 నాటి 1100 డిలైట్ మోడల్ ఉందని తెలిసి చూడ్డానికి వెళ్లాం. మెరూన్ రంగు, బాడీ ఫర్వాలేదు, లోపల సీట్లు చిరిగిపోయాయి. అమ్మేవాళ్లు చెప్పిన రేటు మాత్రం మార్కెట్‌కి డబుల్. ఎందుకూ అంటే మొదటి ఓనర్ మద్రాసు మనిషట, ఈ బండి షోలవరంలో రేసులాడిందట. ఆ మాట వినగానే మామయ్య మనసు పారేసుకున్నాడు. "ఒరేయ్, షోలవరం కారురా ఇది" అని నా చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నాడు.

ఆ మాటని కొట్టిపారేయలేం కూడా. మద్రాసు దగ్గర షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఉండేది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు దాని మీద ఏళ్ల తరబడి రేసులు పెట్టారు, తర్వాత శ్రీపెరంబుదూర్ దగ్గర సొంత ట్రాక్ కట్టుకుని అటు వెళ్లిపోయారు. అప్పట్లో అక్కడ పరిగెత్తినవన్నీ విదేశీ సింగిల్ సీటర్లు కాదు. ఫియట్లు, హెరాల్డ్‌లు, అంబాసిడర్లు కూడా దిగేవి. రోజూ తిరిగే బండికే బంపర్లు పీకేసి, కార్బురేటర్ మార్చి, తలుపు మీద నంబర్ వేసుకుని రేసులో దిగడం, అయిపోయాక నంబర్ చెరిపేసి మళ్లీ ఇంటికి తోలుకెళ్లడం. ఆ తర్వాత ఆ బండిని ఎవరికో అమ్మేస్తారు, కొన్నవాళ్లు వేరే రంగు వేయిస్తారు, ఇంకో ఇరవై ఏళ్లకి ఇంజన్ మారుతుంది. ఆ కార్లు ఎటూ పోలేదు, ఇక్కడిక్కడే ఊళ్లలో తిరిగాయి, కానీ అవి ఏవో చెప్పగలిగే కాగితం ఒక చోటా ఇనుము ఇంకో చోటా అయిపోయాయి. నా దృష్టిలో రేసు కారు పోవడమంటే ముప్పాతిక వంతు ఇదే.

ప్రపంచమంతా ఇదే కథ. ఫెరారీని ఓడించడానికి 1964లో అమెరికాలో కారొల్ షెల్బీ రేసు టీము డేటోనా కూపే అని ఒక కారు తయారు చేసింది, డిజైన్ పీటర్ బ్రాక్‌ది. మొత్తం ఆరే ఆరు కట్టారు, 1965లో జీటీ ఛాంపియన్‌షిప్ కొట్టారు. వాటిలో మొట్టమొదటిది, ఛాసిస్ నంబర్ సీఎస్‌ఎక్స్ 2287, అదే ఏడాది చివర్లో బోన్‌విల్ ఉప్పు మైదానంలో స్పీడు రికార్డులు కూడా పెట్టింది. ఆ తర్వాత దానితో ఎవరికీ పని లేకపోయింది. ఎందుకంటే కొత్త సీజన్‌లో పాత రేసు కారు గెలవదు, రోడ్డు మీద తిప్పుకోవడానికి సుఖంగా ఉండదు, టీముకేమో కొత్త బండికి డబ్బు కావాలి. చేతులు మారి మారి అది ఫిల్ స్పెక్టర్ అనే మ్యూజిక్ ప్రొడ్యూసర్ దగ్గరికి, ఆయన దగ్గర్నుంచి ఆయన బాడీగార్డుకి, అక్కడ్నుంచి ఆ బాడీగార్డు కూతురికి వెళ్లింది. ఆవిడ దాన్ని కాలిఫోర్నియాలో ఒక అద్దె గోదాంలో పెట్టి దశాబ్దాల పాటు ఎవరికీ అమ్మలేదు. 2000లో ఆవిడ చనిపోయాకే బండి బయటికొచ్చింది. ఇప్పుడు ఫిలడెల్ఫియాలో సిమియోన్ మ్యూజియంలో ఉంది, కొత్త రంగు పూయకుండా అలాగే ఉంచారు. 2014లో అమెరికా జాతీయ చారిత్రక వాహనాల రిజిస్టర్‌లో మొదట ఎక్కిన కారు అదే.

యుద్ధం పొట్టన పెట్టుకున్నవి వేరే. 1930లలో జర్మనీ ఆటో యూనియన్ వెండి రంగు రేసు కార్లని యుద్ధ సమయంలో గనిలో దాస్తే, 1945లో సోవియట్ వాళ్లు పట్టుకెళ్లి, ఎలా పనిచేస్తాయో చూడ్డానికి విప్పేశారు. ఒకటి మాస్కోలో జిల్ ఫ్యాక్టరీలో తుక్కు కింద పోబోతుంటే 1976లో విక్టర్స్ కుల్‌బెర్గ్స్ అనే లాట్వియా ఆయన పట్టుబట్టి రీగా తీసుకెళ్లాడు. ఇంకో రెండింటి భాగాలని పాల్ కరాసిక్ అనే అమెరికన్ సోవియట్ యూనియన్ లోపల ఏళ్ల తరబడి వెతికి వెతికి పోగేస్తే, ఇంగ్లండ్‌లో మళ్లీ కట్టారు. ఒక మనిషి ఇంజన్ ముక్క ఒకచోట, ఫ్రేము ముక్క ఇంకోచోట ఏరుకుంటూ తిరిగాడంటే ఎంత పిచ్చి ఉండాలి చెప్పండి, నాకు ఆ మనిషంటే చచ్చేంత గౌరవం. మన దగ్గరైతే తుక్కు భోలక్‌పూర్ చేరుతుంది, అక్కడ కరిగాక వెనక్కి తెచ్చే కరాసిక్ ఎవరూ ఉండరు.

స్విట్జర్లాండ్ వైపు మజోరే సరస్సులో మునిగిన బుగాటి బ్రెషియా కారు కథ చాలామందికి తెలుసు. సుంకం కట్టలేదని 1936లో కస్టమ్స్ వాళ్లు గొలుసు కట్టి నీళ్లలోకి దించారు, గొలుసు తుప్పు పట్టి తెగి అడుక్కి పోయింది. 1967లో డైవర్లకి కనపడింది, 2009లో పైకి తీశారు, 2010లో పారిస్ వేలంలో 2,60,500 యూరోలకి పోయింది. తుప్పు తుప్పుగానే కొన్నారు, తుప్పు తుప్పుగానే మ్యూజియంలో పెట్టారు. ఆ తుప్పే దాని రుజువు మరి.

ఉస్తాద్ కూడా ఇదే మాట మీద ఉంటారు. బండిని ట్రక్కు మీద తెచ్చి దింపగానే మామయ్య "ముందు కడిగిద్దామా" అన్నాడు. "కడగొద్దు సార్, మట్టి కూడా చూడాలె" అన్నారాయన. బానెట్ ఎత్తి, ఇంజన్ గది వెనక గోడ మీద ఛాసిస్ నంబర్ ఉన్నచోట వైర్ బ్రష్ పెట్టలేదు. కిరోసిన్‌లో తడిపిన గుడ్డ ముక్కతో మెల్లగా తుడిచారు, మడ్డి కరిగి అక్షరాలు తేలే దాకా తుడుస్తూనే ఉన్నారు. తర్వాత పల్చటి కాగితం పెట్టి పెన్సిల్ అడ్డంగా రుద్ది ప్రింట్ తీశారు, ఆర్టీఏ దగ్గర తీస్తారే అలాగే. అదే నంబర్‌ని టార్చ్ పక్కనుంచి కొట్టి చూపించారు. అంకెలన్నీ ఒకే లోతులో ఉన్నాయా, చుట్టూ గ్రైండర్ గీతలున్నాయా, వెల్డింగ్ అతుకు ఉందా, ఇవి చూడాలట. మా బండిది శుభ్రంగా ఉంది, ఆర్‌సీతో కలిసింది. ఇంజన్ నంబర్ కలవలేదు. ఇంజన్ బ్లాక్ దీని తర్వాత వచ్చిన ప్రీమియర్ పద్మిని కారుది.

ఆ తర్వాత చేసిన పని చూసి తీరాలి. డ్రైవర్ వైపు తలుపు మధ్యలో రూపాయి బిళ్లంత చోట వాటర్ పేపర్‌తో నీళ్లు చల్లుకుంటూ రుద్దడం మొదలుపెట్టారు. పైన మెరూన్, దాని కింద బూడిద రంగు ప్రైమర్, దాని కింద క్రీమ్, మళ్లీ ప్రైమర్, తర్వాత ఆకుపచ్చ. ఒక్కో పొర ఒక్కో రింగులా బయటపడింది. ఆకుపచ్చ మీద తెలుపు. ప్రైమర్ లేకుండా నేరుగా వేసిన తెలుపు. పక్కకి జరిపి ఇంకో రెండు చోట్ల రుద్దితే ఆ తెలుపు అంచు వంపు తిరుగుతోంది, తలుపుకి అవతలి చివర రుద్దితే తెలుపు లేదు. గుండ్రంగా వేసిన తెల్ల మచ్చ అన్నమాట, రేసు నంబర్ వేసుకోవడానికి వేసేలాంటిది. మామయ్య గొంతు పెగల్లేదు. నాకూ ఒళ్లు జలదరించింది.

ముందు బంపర్ బ్రాకెట్లు రంపంతో కోసి మళ్లీ అతికినట్టున్నాయి, డాష్‌బోర్డ్ వెనక పుట్టీ నింపి మూసేసిన గుండ్రటి కన్నం ఒకటి ఉంది, ఇంకో మీటర్ పెట్టుకోవడానికి కోసిందై ఉండాలి. ఉస్తాద్ అయస్కాంతం పట్టుకుని బాడీ అంతా తిరిగి, అది అంటుకోని చోటల్లా చాక్‌పీస్‌తో గీత గీశారు, ఎక్కడెక్కడ రేకు బదులు పుట్టీ ఉందో తెలిసిపోయింది.

అంతా అయ్యాక మామయ్య ఆశగా అడిగాడు, షోలవరం కారే కదా ఉస్తాద్ అని. ఆయన జవాబు: "ఈ బండిని ఎవరో గట్టిగ తోలిన్రు, నంబర్ ఏసిన్రు, అది పక్కా. షోలవరంలనే తోలిన్రని నేనెట్ల రాస్తా సార్? కాయితం తెండి, రాస్తా." అమ్మేవాళ్లు ఫోన్లో "ఒక లెటర్ రాసి ఇవ్వండి, మీ ఖర్చు చూసుకుంటాం" అన్నా ఆయన ఒప్పుకోలేదు. ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం ఈ ఒక్క విషయమే.

ఎందుకంటే ఈ రంగంలో గొడవలన్నీ ఇక్కడే వస్తాయి. రేసు టీములు ఒక బండి ఛాసిస్ నంబర్ ప్లేటు తీసి ఇంకో బండికి పెట్టేసేవి, సరిహద్దుల దగ్గర కస్టమ్స్ కాగితాలు ఒక నంబర్ మీదే ఉంటాయి కాబట్టి. యాక్సిడెంట్ అయిన బండి ఛాసిస్ పక్కన పడేసి కొత్త ఛాసిస్ మీద పాత నంబర్ కొట్టేవాళ్లు, ముప్పై ఏళ్ల తర్వాత ఎవరో ఆ పాత ఛాసిస్‌ని కూడా బాగుచేయించేస్తే ఒకే నంబర్ మీద రెండు కార్లు. 1954 నాటి ఫెరారీ 375 ప్లస్, 0384 నంబరుది, అమెరికాలో ఒహాయోలో ఒకాయన పెరట్లో పడి ఉంటే 1980లలో దొంగలు ఎత్తుకెళ్లారు, అది బెల్జియం చేరి అక్కడ పూర్తిగా బాగుపడింది, బాడీ ముక్కలు కొన్ని మాత్రం ఒహాయోలోనే ఉండిపోయాయి. ఎవరిది అసలు కారు అని ఏళ్లకేళ్లు కొట్టుకుని, చివరికి రాజీ పడి 2014లో వేలం వేస్తే కోటి పౌండ్ల పైన పలికింది.

బెంట్లీ "ఓల్డ్ నంబర్ వన్" కేసు ఇంకా లోతైనది. ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల లె మాన్స్ రేసుని 1929, 1930 రెండేళ్లూ గెలిచిన కారది. ఆ తర్వాత ఇంజన్ మార్చారు, 1932లో ఇంగ్లండ్‌లో బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద ఘోరమైన ప్రమాదం జరిగింది, మళ్లీ కూపేగా కట్టారు, అసలు భాగాలు దాదాపు మిగల్లేదు. కోటి పౌండ్ల ఒప్పందం కుదిరాక కొనేవాళ్లు ఇది ఆ కారు కాదని వెనక్కి తగ్గితే 1990లో లండన్ హైకోర్టు దాకా వెళ్లింది. తెగకుండా వచ్చిన చరిత్ర ఉంది కాబట్టి ఇదే ఓల్డ్ నంబర్ వన్ అని కోర్టు తేల్చింది. అంటే ఇనుము మారినా చరిత్ర గొలుసు తెగకపోతే కారు బతికే ఉంటుంది. మా ఫియట్‌ది సరిగ్గా తిరగేసిన పరిస్థితి. ఇనుము చాలావరకు ఉంది, గొలుసే తెగింది.

చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చూసే ఉంటారు. ఆరో నిజాం ఆర్డర్ ఇస్తే ఆయన పోయాక వచ్చిన బండి, సింహాసనం లాంటి సీటున్న బండి. అది ఎవరిదో ఎప్పుడూ సందేహం రాలేదు, ఎందుకంటే దర్బారు లెక్కల్లో ఉంది. రేసులాడిన ఫియట్‌ని ఏ దర్బారు లెక్క రాసింది?

రిపోర్టు చేత్తో రాసి ఇస్తారు, తెలుగూ ఇంగ్లీషూ కలిపి, ఫోటోలు వాట్సాప్‌లో. ఏది కళ్లతో చూశారు, ఏది అంచనా, ఏది తెలియదు అని మూడు ముక్కలుగా విడగొట్టి ఉంటుంది. చివర్లో పాత రిజిస్ట్రేషన్ రికార్డు తీయించమని, మొదటి ఓనర్ కుటుంబాన్ని కలిసి పాత ఆల్బమ్‌లు అడగమని, అప్పటి రేసు ఫోటోల్లో ఆకుపచ్చ ఫియట్ కోసం వెతకమని రాశారు. ఆ రిపోర్టు పెట్టి బేరమాడితే రేటు మామూలు ఫియట్ రేటుకి దిగింది, మామయ్య కొనేశాడు. ఇప్పుడు మద్రాసులో తెలిసిన వాళ్లందరికీ ఫోన్లు చేస్తున్నాడు.

ఇంకో విషయం. 2021 నుంచి 50 ఏళ్లు దాటిన బండ్లకి వింటేజ్ రిజిస్ట్రేషన్ వచ్చింది కదా, వీఏ అక్షరాలతో, కొత్తగా అయితే 20,000 రూపాయల ఫీజుతో. దానికి ఛాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలో ఉండాలి, పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. పద్మిని ఇంజన్‌తో అప్లై చేస్తే ఇబ్బంది రావచ్చని, డిలైట్ ఇంజన్ దొరికేదాకా ఆగమని ఉస్తాదే చెప్పారు. అడక్కుండా చెప్పారు.

ఇబ్బందులూ ఉన్నాయి. పార్కింగ్ అసలు లేదు, బండి దింపడానికి ట్రక్కు సందులోకి తిప్పడం నరకం. ఫోన్ ఎత్తరు. రిపోర్టు చెప్పిన రోజుకి రాలేదు, అడిగితే "అయితది సార్" అంటారు, అంతే. డబ్బు ముందే ఇవ్వాలి. డెంటింగ్, పెయింటింగ్ ఆయన చేయరు, ఎవరి దగ్గరికి పొమ్మనీ చెప్పరు. మీకు టైమ్ లేకపోతే, లేదా మీకు కావాల్సింది "రేసు కారు" అని రాసిన కాగితం ఒక్కటే అయితే, అక్కడికి వెళ్లొద్దు.

వెళ్లేవాళ్లు పొద్దున్నే షాపులు తెరవకముందు వెళ్లండి. ఆర్‌సీ ఒరిజినల్, పాత ఇన్సూరెన్స్ కాగితాలు, అమ్మేవాళ్ల ఇంట్లో ఉన్న పాత ఫోటోలు ఏవి దొరికితే అవి పట్టుకెళ్లండి. బండిని మాత్రం కడగకండి.