డిజిటల్ వెల్‌బీయింగ్: ఎరువుల షాపు కౌంటర్ మీద మూడేళ్లు

ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో ‘డిజిటల్ వెల్‌బీయింగ్’ అని ఒకటుంటుంది. గూగుల్ 2018లో తెచ్చింది. చాలామంది ఒకసారి తెరిచి, రోజుకు ఎన్ని గంటలు పోతున్నాయో చూసి ఉలిక్కిపడి, మళ్లీ అటు పోరు. నేను మూడేళ్లకు పైగా వాడుతున్నా. మిర్యాలగూడలో మాది ఎరువులు, పురుగుమందుల షాపు. ఫోన్ పక్కన పడేస్తే నడిచే వ్యాపారం కాదు. అందుకే ‘ఫోన్ తీసి అల్మారాలో పెట్టండి’ లాంటి సలహాలు మాలాంటివాళ్లకు పనికిరావు. చేతిలో ఉండగానే దాన్ని అదుపు చేయగలమా అన్నదే నేను చూసుకున్నది.

ముందు టైమర్ సంగతి. ఏ యాప్‌కు రోజుకు ఎంతసేపో మనమే పెట్టుకోవాలి. ఆ టైం అయిపోగానే ఐకాన్ బూడిద రంగుకు మారుతుంది, యాప్ తెరుచుకోదు, నోటిఫికేషన్లూ ఆగిపోతాయి. బాగానే ఉంది కానీ తాళం వేసేదీ మనమే, తీసేదీ మనమే. సెట్టింగ్స్‌లోకి పోయి టైమర్ తీసేస్తే అడిగే దిక్కు లేదు, పాస్‌వర్డ్ కూడా ఉండదు. పైగా లెక్క అర్ధరాత్రికి మళ్లీ మొదలవుతుంది. పదకొండున్నరకు ఆగిపోయిన యాప్ పన్నెండు దాటగానే కొత్త కోటాతో తయారు. నిద్రపట్టక పక్క మీద దొర్లేవాడికి ఇంతకన్నా గండం ఏముంటుంది? ఈ లెక్క తెల్లవారుజామున నాలుగింటికి మారేలా పెట్టి ఉంటే ఎంతో బాగుండేది.

యూట్యూబ్‌తో ఇంకో చిక్కు. టైమర్ యాప్ మొత్తానికి పడుతుంది. వరిలో కలుపు మందు గురించి వీడియో చూద్దామన్నా, షార్ట్స్ మీద కోపం దానికీ తగులుతుంది. 2025 చివర్లో యూట్యూబే షార్ట్స్‌కు విడిగా రోజువారీ లిమిట్ ఇచ్చింది. అదీ వద్దనుకుంటే పక్కకు నెట్టేయొచ్చు, కాకపోతే గురి సరైన చోట పెట్టారు.

నాకు నిజంగా పనిచేసింది ఇందులోనే నిద్రవేళ కోసం ఉన్న బెడ్‌టైమ్ మోడ్‌లోని నలుపు–తెలుపు. స్క్రీన్ మీది రంగులన్నీ పోతాయి. రంగు పోతే రీల్స్‌లో సగం సరుకు పోయినట్టే. ఎవరూ ఆపకుండానే చెయ్యి దానంతట అదే వెనక్కి వస్తుంది. మొదట్లో పొద్దంతా అలాగే ఉంచుదామనుకున్నా. యాసంగిలో ఒక సాయంత్రం వేములపల్లి దిక్కు రైతు ఒకాయన వాట్సాప్‌లో ఫోటో పెట్టి, ‘సేటూ, వరికి ఏమొచ్చిందో జర చూడు’ అన్నాడు. చూస్తే ఆకంతా బూడిదే. జింకు లోపమైతే ఆకు మీద తుప్పు రంగు మచ్చలు వస్తాయి. అగ్గితెగులైతే నూలుకండె ఆకారంలో మచ్చ, అంచు ముదురు గోధుమ, నడుమ బూడిద. మచ్చ ఆకారం కొంత కనిపిస్తుంది గానీ తుప్పు రంగు ఎక్కడ తెలుస్తుంది? జింకు వేయాల్సిన చోట తెగులు మందు ఇస్తే రైతు డబ్బు గంగలో పోసినట్టే. స్క్రీన్‌ను పై నుంచి కిందికి లాగితే వచ్చే బటన్లలో బెడ్‌టైమ్ మోడ్‌ను పెట్టుకున్నాక ఈ బాధ తీరింది. ఒక్కసారి నొక్కితే రంగు వస్తుంది, ఫోటో చూసి మళ్లీ నొక్కేస్తా. ఆ మోడ్‌లో ఉండగా మనం తీసిన ఫోటోలకు మాత్రం ఏమీ కాదు, మారేది స్క్రీన్ ఒక్కటే. ఇప్పుడు షట్టర్ దించే టైం నుంచి పొద్దున దాకా షెడ్యూల్ పెట్టేశా. కొన్ని కంపెనీల ఫోన్లలో ఇది వేరే చోట దాక్కుని ఉంటుంది, సెట్టింగ్స్‌లో ‘గ్రేస్కేల్’ అని వెతకండి.

బెడ్‌టైమ్ మోడ్ ఫోన్‌ను మోగనీయకుండా చేసినా రాత్రిపూట కాల్స్ గురించి టెన్షన్ అక్కర్లేదు. స్టార్ పెట్టిన నంబర్లు మోగేలా ఉంచుకోవచ్చు. ఒకే నంబర్ నుంచి 15 నిమిషాల్లో రెండోసారి కాల్ వస్తే మోగే ఏర్పాటూ ఉంది. మా అమ్మాయి హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉంటుంది, అందుకని మొదటిరోజే ఈ రెండూ సరిచూసుకున్నా.

డ్యాష్‌బోర్డ్‌లో అందరూ గంటలే చూస్తారు. నేను చూసేది ఫోన్ ఎన్నిసార్లు అన్‌లాక్ చేశామన్న లెక్క. వానాకాలం నాట్లప్పుడు గంటలు ఎలాగూ పెరుగుతాయి, ఆ పెరిగిందాంట్లో వ్యాపారం ఎంతో, వృథా ఎంతో ఈ యాప్‌కు తెలియదు. అన్‌లాక్‌లు తగ్గింది టైమర్ల వల్ల కాదు, కౌంటర్ మీది సౌండ్ బాక్స్ వల్ల. డబ్బులు పడ్డాయని అదే అరుస్తుంటే ప్రతి బేరానికీ ఫోన్ తీసి చూడనక్కర్లేదు. తీసినప్పుడే కదా పక్కనున్న రీల్స్ కూడా కంటపడేది! వాట్సాప్‌కు టైమర్ పెట్టడం మా వ్యాపారంలో కుదరని పని. డీలర్ల గ్రూపులు, గుడ్‌మార్నింగ్ గ్రూపులు అన్నీ మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పడేశా. కొత్త మెసేజ్ వచ్చినా అవి పైకి రావు.

ఐదుకు మూడున్నర ఇస్తా. కోసిన ఒకటిన్నర అర్ధరాత్రి లెక్కకూ, లేని పాస్‌వర్డ్‌కూ. పిల్లల ఫోన్ కోసమైతే మాత్రం ఇది చాలదు, గూగుల్‌దే ‘ఫ్యామిలీ లింక్’ పెట్టుకోండి. అందులో తాళం చెవి పెద్దల ఫోన్‌లో ఉంటుంది.