వారం మాత్రకు నాలుగు స్టార్లు

మెథోట్రెక్సేట్, 2.5 మిల్లీగ్రాముల మాత్రలు. తోడుగా ఫోలిక్ యాసిడ్, 5 మిల్లీగ్రాములది. రెండూ కీళ్లవాతానికి మా డాక్టరుగారు రాసినవే. మందులకు రివ్యూ ఏంటమ్మా అని మా అమ్మాయి నవ్వింది. మిక్సీకి రాయగా లేనిది, నా వేళ్లు మళ్లీ వంగేలా చేసినదానికి రాస్తే తప్పా?

పని చేస్తుంది, కానీ నిదానంగా. మొదటి నెలంతా తేడా తెలియలేదు. పొద్దున లేచేసరికి వేళ్లు కొయ్యబారి ఉండేవి, పాల ప్యాకెట్ కత్తిరించాలంటే కత్తెరలోకి బొటనవేలు దూరేది కాదు. రెండో నెల దాటాక ఆ బిగుతు సడలింది. ఇప్పుడు చపాతీ పిండి నేనే కలుపుతున్నాను. వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకున్న మర్నాడు మాత్రం కడుపులో తిప్పుతుంది, కాఫీ వాసన కూడా పడదు. అందుకే శనివారం రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటాను, ఆ బాధేదో ఆదివారంతో పోతుంది. నోట్లో పుండ్లు లేచేవి, ఫోలిక్ యాసిడ్ మొదలయ్యాక తగ్గాయి.

ఈ జంట సంగతే తమాషా. ఒంట్లో కొత్త కణాలు పుట్టాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. మెథోట్రెక్సేట్ అచ్చం దాని రూపంలోనే ఉంటుంది. బస్సులో కర్చీఫ్ వేసి సీటు ఆపినట్టు, దాని చోటు ముందే ఆక్రమించేస్తుంది. క్యాన్సర్‌కు పెద్ద మోతాదులో పనికొచ్చేది అందుకే. కీళ్లకు ఇచ్చే చిన్న మోతాదు వేరే దారుల్లో కూడా వాపు తగ్గిస్తుందట. మిగతా ఒంటికి నష్టం తగ్గించడానికి ఫోలిక్ యాసిడ్. అంటే మందూ, దాని విరుగుడూ ఒకే చీటీలో ఉన్నాయన్నమాట.

ఆ రెండూ ఒకే ల్యాబ్ నుంచి వచ్చాయి. దాన్ని నడిపింది 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. మెడికల్ షాపు అబ్బాయితో ఆ మాట అంటే "సుబ్బారావా? ఏ కంపెనీ ఆంటీ?" అన్నాడు. వాడిననేం లాభం, స్ట్రిప్ మీద ఉండేది కంపెనీ పేరేగా.

మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసర్‌కు కోపం తెప్పించి, ఎం.బి.బి.ఎస్. బదులు అంతకంటే చిన్న పట్టా ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకున్న మనిషి ఆయన. 1920ల మొదట్లో అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో చేరారు. అక్కడ ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి తెచ్చారు, అయినా పర్మనెంట్ ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి మారారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారు చేసింది. ఆయన అన్నగారు పురుషోత్తం స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. ఆ జబ్బుకు ఫోలిక్ యాసిడ్ మందు అయింది, కానీ అప్పటికి పాతికేళ్లు దాటిపోయాయి.

అంతా ఆయనొక్కరే చేశారని నేననను. ఆ పదార్థం జాడ మొదట పట్టింది లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ. బొంబాయిలో రక్తం తక్కువైన గర్భిణులకు ఈస్ట్ సారం ఇచ్చి నయం చేసి, 1931లో ఆ సంగతి రాసింది. ఆవిడ పేరు నాకూ ఈ మాత్రలు వేసుకోవడం మొదలెట్టాకే తెలిసింది. 1947 చివర్లో బోస్టన్‌లో ఫార్బర్ అనే డాక్టరు, లెడర్లీ పంపిన అమినాప్టెరిన్ అనే ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందును లుకేమియా, అంటే రక్త క్యాన్సర్, ఉన్న పిల్లలకు ఇచ్చారు. కీమోథెరపీ పితామహుడని ఫార్బర్‌ను అంటారు, మందు చేసి పంపినవాళ్ల ఊసు తక్కువ. నా డబ్బాలో ఉన్న మెథోట్రెక్సేట్ ఆ అమినాప్టెరిన్‌కు తోబుట్టువు. సుబ్బారావుగారు 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే పోయారు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడొచ్చని అమెరికా ప్రభుత్వం ఒప్పుకున్నది 1988లో.

ఇక ఒక స్టార్ ఎందుకు కోశానంటే, నాకు దొరికే బ్రాండ్లలో రెండు మాత్రలూ పసుపే, రెండూ చిన్నవే. కళ్లజోడు లేకుండా ఏది ఏదో చెప్పలేం. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదకే వస్తుంది. నేను ఆ స్ట్రిప్ వెనక మార్కర్‌తో "శని" అని రాసి వేరే డబ్బాలో పెడతాను. ఆ పని కంపెనీ వాళ్లే పెద్ద అక్షరాలతో చేయొచ్చు కదా.

ధర చవకే, కీళ్లవాతానికి ఇచ్చే ఇంజెక్షన్లకయ్యే వేల రూపాయలతో పోలిస్తే లెక్కలోకే రాదు. డాక్టరు చీటీ లేకుండా మాత్రం వద్దు, గర్భిణులు అసలు ముట్టుకోకూడదు, మద్యం తాగే అలవాటున్నవాళ్లు ఆ సంగతి దాచకుండా చెప్పాలి. లివర్‌కు, రక్తకణాలకు పరీక్షలు చేయిస్తూనే ఉండాలి. నాకైతే మాత్రల కంటే వాటికే ఎక్కువవుతోంది, ఆ ఖర్చు కూడా ముందే లెక్కేసుకోండి.