90ల నాటి ట్రెక్ 930: పాత స్టీలు మౌంటెన్ బైక్ కొని బాగుచేసుకోవచ్చా?

అమెరికాలో పాత వస్తువులు అమ్ముకునే క్రెయిగ్స్‌లిస్ట్ సైటు తెరిచినా, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ తెరిచినా "పాత ట్రెక్, చాలాకాలంగా గరాజ్‌లోనే ఉంది, 120 డాలర్లు" లాంటి ప్రకటన తగులుతూనే ఉంటుంది. టైర్లలో గాలి ఉండదు, చైను ఎర్రగా తుప్పు పట్టి ఉంటుంది. కానీ గొట్టాలు కలిసే చోట తొడుగుల్లాంటి లగ్గులు కనిపిస్తూ, ఫ్రేము మీద 930, 950, 970 వీటిలో ఏదో ఒక అంకె ఉంటే మాత్రం వెళ్ళి చూడాల్సిన సరుకే. 90ల తొలి ఏళ్ళలో ట్రెక్ అనే అమెరికా సైకిల్ కంపెనీ వీటిని విస్కాన్సిన్‌లో ట్రూ టెంపర్ కంపెనీ క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన స్టీలు) గొట్టాలతో చేసింది. చాలావాటి మీద షిమానో కంపెనీ డియోర్ వర్గం గేర్లు, బ్రేకుల సామాను ఉంటుంది.

ముందే ఒక మాట. ఇవి పాత సైకిళ్ళు సేకరించేవాళ్ళు వెంటపడే బళ్ళు కావు. వాళ్ళకు కావాల్సింది 1981 నాటి స్పెషలైజ్డ్ స్టంప్‌జంపర్, 80ల నాటి రిచీ ఫ్రేములు. 930ని ఎంత మెరిసేలా చేసినా పెట్టిన డబ్బు తిరిగి రాదు. కాబట్టి "వింటేజ్" అన్న మాటకు అదనంగా ఒక్క డాలర్ కూడా ఇవ్వకండి. తొక్కడానికి కొనేవాళ్ళకే ఇది లాభం.

కొనాలా వద్దా అన్నది తేల్చేవి అరిగిపోయిన భాగాలు కావు. చైను, కేబుళ్ళు, టైర్లు ఎలాగూ మార్చాల్సినవే, దొరికేవే. తేల్చేవి ఫ్రేమూ, అందులో పట్టేసి కదలని భాగాలూ. బేరానికి వెళ్ళేటప్పుడు 5, 6 మి.మీ. అలెన్ కీలు, టార్చి, చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకోండి. అయస్కాంతం ఎందుకంటే, అదే కాలంలో ట్రెక్ 7000, 8000 వరసల్లో అల్యూమినియం గొట్టాల్ని జిగురుతో అతికించి ఫ్రేములు చేసింది. ముప్పయ్యేళ్ళు దాటిన ఆ అతుకు ఇంకా గట్టిగా ఉందో లేదో బయటినుంచి చూసి చెప్పలేం. అయస్కాంతం అంటుకోకపోతే ఆ బండి వదిలెయ్యండి.

మొదట చూడాల్సింది హెడ్ ట్యూబ్ (ఫోర్కు దూరే ముందు గొట్టం) వెనక, డౌన్ ట్యూబ్ (అక్కడి నుంచి పెడళ్ళ వైపు దిగే గొట్టం) అడుగుభాగం. అక్కడ వేలితో రాస్తే చిన్న ఉబ్బు తగిలినా, రంగు అడ్డంగా పగిలి కనిపించినా బండి ఎదురుగా దేన్నో గుద్దిందని అర్థం. అలాంటిది ఊరికే ఇచ్చినా వద్దు. తర్వాత సీటు పోస్టు, అంటే సీటును మోసే గొట్టం. బిగింపు వదులు చేసి సీటు పట్టుకుని అటూ ఇటూ తిప్పండి, పోస్టు కదలాలి. స్టీలు గొట్టంలో అల్యూమినియం పోస్టు, మధ్యలో గ్రీజు లేదు, పైనుంచి చెమటో వానో దిగింది అంటే ఆ రెండు లోహాల మధ్య అల్యూమినియం తుప్పు ఉబ్బి, పోస్టు లోపలే పట్టేస్తుంది. చొచ్చుకుపోయే నూనె పోసి రెండు మూడు రోజులు నాననిచ్చి తిప్పితే కొన్ని వస్తాయి. రానివాటిని కోసి తీయాలి, అది ఒక రోజంతా పట్టే పని. అమ్మేవాళ్ళు "ఎత్తు సరిగ్గానే ఉంది కదా, ఎందుకు తిప్పడం" అన్నారంటే అది పట్టేసిందనే అనుకుని బేరమాడండి.

హ్యాండిల్‌ను పట్టుకునే స్టెమ్ కూడా అంతే. ఇవి ఫోర్కు గొట్టం లోపలికి దిగే క్విల్ స్టెమ్‌లు. పైన 6 మి.మీ. బోల్టును రెండు మూడు చుట్లు వదులు చేసి, దాని తల మీద చెక్క ముక్క పెట్టి సుత్తితో తట్టితే లోపలి వెడ్జి జారి స్టెమ్ వదులవ్వాలి. ఇక అలైన్‌మెంట్, అంటే ఫ్రేము తిన్నగా ఉందా అన్నది. వెనక చక్రం తీసి, ఒక డ్రాపవుట్ (చక్రం ఇరుసు కూర్చునే గాడి) నుంచి దారం హెడ్ ట్యూబ్ చుట్టూ తిప్పి రెండో డ్రాపవుట్‌కు బిగించి కట్టండి. సీటు గొట్టానికి రెండు పక్కలా దారం ఎంత దూరంలో ఉందో కొలవండి. తేడా 1 మి.మీ. అయితే పట్టించుకోవద్దు. 3 దాటితే ఫ్రేము వంగింది.

ముందు ఫోర్కు కదలని స్టీలుదైతే అదృష్టం. ఆ కాలపు చాలా సస్పెన్షన్ ఫోర్కుల్లో స్ప్రింగుకు బదులు రబ్బరు లాంటి ఎలాస్టోమర్ ముక్కలుండేవి. ఇప్పటికి చాలావాటిలో అవి గట్టిపడి ఉంటాయి, లేదా జిగట ముద్దైపోయి ఉంటాయి. ఫొటోలో బాగా కనిపిస్తుందని సస్పెన్షన్ ఉన్నదానికి ఎక్కువ ఇవ్వడం దండగ.

ఫ్రేము గట్టెక్కితే మిగతాది ఓపిక పనే. ఎక్కువమంది భయపడేది గేర్లు మారకపోవడం చూసి. మీట నొక్కితే "టక్" మనకుండా గాల్లో ఊగుతుంటే షిఫ్టర్ (గేర్లు మార్చే మీటల డబ్బా) పోయిందనుకుని బండినే వద్దంటారు. చాలాసార్లు పోయినదేమీ ఉండదు. షిమానో రాపిడ్‌ఫైర్ షిఫ్టర్ లోపలి గ్రీజు మైనంలా గట్టిపడి, పళ్ళను పట్టాల్సిన చిన్న కొక్కెం అంటుకుపోయి ఉంటుంది. కేబుల్ తీసేసి, ఆ రంధ్రంలోంచి డబ్ల్యూడీ-40 దండిగా కొట్టి, మీటల్ని ఆడిస్తూ పావుగంట ఆగి మళ్ళీ కొట్టండి. నల్లటి నీళ్ళు కారడం తగ్గాక ఒకటి రెండు చుక్కలు పల్చటి నూనె వేస్తే పని మొదలవుతుంది. డబ్బా విప్పకండి, లోపలి స్ప్రింగులు ఎగిరిపోతే మళ్ళీ కూర్చోబెట్టడం కష్టం. రెండు మీటలూ బొటనవేలితోనే నొక్కే తొలి రకం రాపిడ్‌ఫైర్ అయితే బాగుచేసినా దాని వాటం ఎవరికీ నచ్చదు. షిమానో టూర్నీ 7 స్పీడ్ బొటనవేలి షిఫ్టర్లు పెట్టుకోండి, అవి చైనును జరిపే ఈ వెనక డిరైలర్‌తో పనిచేస్తాయి.

చైను అరుగుదల చూడటానికి స్కేలు చాలు. ఒక పిన్ను దగ్గర సున్నా పెడితే 12 అంగుళాల దగ్గర మరో పిన్ను నడిబొడ్డు రావాలి. అంగుళంలో పదహారో వంతు దాటితే చైను మార్చాలి, ఎనిమిదో వంతు దాటితే వెనక పళ్ళు కూడా పోయినట్టే. క్యాసెట్, అంటే ఆ వెనక పళ్ళ చక్రాల కట్ట, 7 స్పీడ్‌దే కొనండి. అది కూర్చునే ఆ కాలపు ఫ్రీహబ్ పొట్టిది, 8 స్పీడ్ క్యాసెట్ దాని మీద పూర్తిగా కూర్చోదు.

బ్రేకుల దగ్గర రెండు తప్పులు తరచూ జరుగుతాయి. ఒకటి, ప్యాడ్లు. పాత క్యాంటీలివర్ బ్రేకులు చాలావాటికి నున్నటి కాడ ఉన్న ప్యాడ్లు కావాలి. షాపులో ఎక్కువగా చేతికిచ్చేవి మర ఉన్న వి-బ్రేక్ ప్యాడ్లు, అవి ఇక్కడ బిగవవు. రెండోది, "వి-బ్రేకులు వేసేస్తే పోదా" అనడం. 1996లో వచ్చిన వి-బ్రేకులకు మీట దాదాపు రెట్టింపు కేబుల్ లాగాలి. పాత మీట అంత లాగదు, హ్యాండిల్‌కు తగిలినా బ్రేకు పూర్తిగా పట్టదు. మీటలు కూడా మారిస్తేనే ఆ పని చెయ్యండి. నిజానికి క్యాంటీలివర్లకు కొత్త ప్యాడ్లు వేసి, వాటి ముందు అంచు వెనక అంచు కన్నా 1 మి.మీ. ముందే రిమ్ముకు తగిలేలా బిగిస్తే కీచుమనకుండా బాగానే ఆగుతాయి. ముందు చక్రం పైన రిఫ్లెక్టర్ క్లాంపు ఉంటే అందం కోసం తీసేయొద్దు. మెయిన్ కేబుల్ తెగితే, బ్రేకు రెండు చేతుల్నీ కలిపే అడ్డ కేబుల్ టైరు మీద పడి చక్రాన్ని పట్టేయకుండా ఆపేది అదే.

క్రాంకులు (పెడళ్ళ చేతులు) తీసేటప్పుడు బోల్టు కింది వాషర్ కూడా తీశాకే వాటిని ఊడలాగే పుల్లర్ పెట్టండి, అదీ పూర్తి లోతుకు తిప్పి. సగం మరలో పట్టి లాగితే క్రాంకు మర ఊడొస్తుంది. బాటమ్ బ్రాకెట్ (క్రాంకుల ఇరుసు, దాని బేరింగులు) కుడివైపు కప్పుది ఎడమ మర, అంటే ఊడదీయడానికి గడియారం తిరిగే దిక్కుకు తిప్పాలి. లోపల విడి బేరింగ్ బాల్స్ ఉండి, కప్పుల్లో గుంటలు పడితే బాగుచేయకుండా షిమానో యూఎన్300 లాంటి మూసిన కార్ట్రిడ్జ్ వేయండి. పాత ఇరుసు పొడవూ, ఫ్రేములో అది దూరే షెల్ వెడల్పు 68 మి.మీ.నా 73 మి.మీ.నా అన్నదీ కొలిచే కొనాలి. చక్రాల మధ్య హబ్బుల్లో మాత్రం బాల్సే వేయాలి. ముందు చక్రానికి పక్కకు 10 చొప్పున 3/16 అంగుళంవి, వెనక 9 చొప్పున 1/4 అంగుళంవి.

ఖర్చు సుమారుగా ఇలా ఉంటుంది. టైర్లు జత 60 నుంచి 80 డాలర్లు, ట్యూబులు 15, చైను, క్యాసెట్ కలిపి 35 నుంచి 45, కేబుళ్ళు, హౌసింగ్ 30 లోపు, ప్యాడ్లు 25, బాటమ్ బ్రాకెట్ 30 లోపు, బాల్స్, గ్రీజు 15. మొత్తం 200 నుంచి 240. బండికి 120 ఇస్తే 350 దగ్గర తేలుతుంది. ఆ డబ్బుకు వచ్చే కొత్త బండి బరువైన సస్పెన్షన్, నాసిరకం డిస్క్ బ్రేకులతో వస్తుంది. ఆఫీసుకు వెళ్ళడానికి, కాలువ గట్టు, కంకర బాట తొక్కడానికి 930 దానికన్నా మేలు. రాళ్ళ మీంచి దూకే దారులకైతే ఇది వద్దు, పొడవాటి స్టెమ్, ఇరుకు హ్యాండిల్‌తో దిగుడులో ముందుకు పడేస్తున్నట్టే ఉంటుంది.

ఈ లెక్క మీరే చేసుకుంటేనే. షాపుకిస్తే కూలీ సామాను ఖర్చును మించిపోవచ్చు. పుల్లర్ లాంటి పనిముట్లు కొనక్కర్లేదు, ఆస్టిన్‌లో ఎల్లో బైక్ ప్రాజెక్ట్, శాన్‌ఫ్రాన్సిస్కోలో బైక్ కిచెన్ లాంటి సామూహిక వర్క్‌షాపుల్లో వాళ్ళ పనిముట్లతోనే మనం బాగుచేసుకోవచ్చు.

టైరు కొనేటప్పుడు 26 అంగుళాలు అన్న అంకె ఒక్కటే చూడకండి, పక్కన 559 (రిమ్ము కొలత, మి.మీ.లలో) ఉండాలి. 26×1 3/8 అని ఉన్నది 590, ఈ రిమ్ము మీదికి రాదు. తొలి 50 కిలోమీటర్ల తర్వాత కేబుళ్ళు కాస్త సాగుతాయి, గేర్ల అడ్జస్టర్ అర చుట్టు తిప్పండి. అదే రోజు క్రాంకు బోల్టులు కూడా మళ్ళీ బిగించండి. వదులు క్రాంకుతో తొక్కితే దాని చతురస్రపు రంధ్రం గుండ్రమైపోతుంది, అప్పుడు కొత్త క్రాంకు కొనక తప్పదు.